వెళ్ళి రావడం గురించి

అమెరికా ప్రభుత్వం తన పౌరుల కోసం భారతదేశం గురించి రాసిన ప్రయాణ సూచనల్లో ఏళ్ళ తరబడి మా ప్రాంతం కూడా ఉంటూ వచ్చింది. తూర్పు మహారాష్ట్ర, ఉత్తర తెలంగాణ మొదలుకొని పశ్చిమ బెంగాల్ పడమటి అంచు దాకా పల్లెల్లో మావోయిస్టుల వల్ల ప్రమాదమట. తమ ఉద్యోగులైనా అక్కడికి పోవాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలట. మాది మంచిర్యాల. ఆ పేరా మొదటిసారి చదివిన రోజు సాయంత్రం అమ్మ బస్టాండు దాకా ఒక్కతే నడిచి వెళ్ళి మల్లెపూలు కొనుక్కొచ్చింది. ఆ దారిలో ఆమెకు భయం ఒక్కటే: రోడ్డు దాటుతుంటే మీదికొచ్చే బొగ్గు లారీలు.

ఆ పేరా రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. దశాబ్దాల చరిత్ర వాళ్ళ వెనక ఉంది. కానీ మా ఊళ్ళో మనిషి ప్రాణానికి దేనివల్ల ముప్పు ఎక్కువ అని అడిగితే ఆ పేరా దగ్గర జవాబు లేదు, అమ్మ దగ్గర ఉంది. విదేశానికి సెలవుల్లో వెళ్దామనుకునే తెలుగు కుటుంబం ఇప్పుడు సరిగ్గా ఇక్కడే తికమక పడుతోంది. ఏ దేశం మంచిది, ఏ దేశం ప్రమాదం అని దేశం పేరు పట్టుకుని అడుగుతోంది. లారీ గురించి ఎవరూ అడగడం లేదు.

2018 జనవరి నుంచి అమెరికా విదేశాంగ శాఖ ప్రపంచ దేశాలన్నిటినీ నాలుగు మెట్ల మీద కూర్చోబెడుతోంది. ఒకటో మెట్టు అంటే మామూలు జాగ్రత్త చాలు. నాలుగో మెట్టు అంటే అసలు వెళ్ళొద్దు. మనది ఎక్కువగా రెండో మెట్టు. ఉగ్రవాద భయం చూపి ఫ్రాన్స్‌ని, జర్మనీని కూడా అదే మెట్టు మీద కూర్చోబెట్టారు. కాబట్టి అంకె ఒక్కటీ చూసి టికెట్ కొనడం గానీ మానడం గానీ అర్థం లేని పని. ఆ అంకె కింద ఉండే చిన్న అక్షరాలే అసలు సరుకు. అమెరికాలో పనిచేసే మనవాళ్ళు చలికాలం రాగానే పరిగెత్తే మెక్సికోనే చూడండి. అమెరికా సూచనలు ఆ దేశాన్ని రాష్ట్రాలవారీగా విడగొడతాయి. యుకతాన్ ఒకటో మెట్టు మీద, కాన్‌కూన్ ఉన్న కింతానా రో రెండో మెట్టు మీద, గెరెరో నాలుగో మెట్టు మీద ఉంటాయి. ఒకప్పుడు హాలీవుడ్ తారలు సెలవులు గడిపిన అకపుల్కో ఆ గెరెరోలోనిదే. ఒకే జెండా, ఒకే వీసా, మధ్యలో మూడు మెట్ల తేడా.

బ్రిటన్‌ది మరో పద్ధతి. ఆ దేశపు విదేశాంగ శాఖ ఒక ప్రాంతానికి వెళ్ళొద్దని చెప్పిందంటే అక్కడికి వెళ్ళినవాళ్ళ ప్రయాణ బీమా సాధారణంగా చెల్లదు. సలహా కాస్తా శాసనమైపోతుంది. 2015 జూన్ 26న ట్యునీసియాలోని సూస్ సముద్రతీరంలో ఒక ముష్కరుడు 38 మందిని కాల్చి చంపాడు. అందులో 30 మంది బ్రిటిష్ వాళ్ళు. తర్వాతి నెలలో వచ్చిన బ్రిటిష్ హెచ్చరిక 2017 జులై దాకా సడలలేదు. ఆ రెండేళ్ళూ అక్కడి హోటళ్ళలో పక్కలు సర్దే ఆడవాళ్ళు ఏం తిన్నారన్నది ఏ సూచికలోనూ కనపడదు.

మన విదేశాంగ శాఖకు ఇలా అన్ని దేశాలకూ మెట్లు కట్టే అలవాటు లేదు. యుద్ధమో అల్లర్లో వచ్చినప్పుడు ఫలానా చోటికి వెళ్ళకండి, ఉన్నవాళ్ళు ఎంబసీలో పేరు నమోదు చేసుకోండి అని ప్రకటన ఇస్తుంది. అందుకని మామూలు రోజుల్లో మనకు దిక్కు మూడు: పేపరు, వాట్సాప్, ట్రావెల్ ఏజెంట్. మొదటి రెండూ అవసరానికి మించి భయపెడతాయి. మూడోది అసలు భయపెట్టదు.

మా ఇంట్లో వచ్చే సంక్రాంతి సెలవులకు ఎక్కడికి వెళ్దామన్న చర్చలో శ్రీలంక పేరు ఎత్తగానే మా బావ అన్న మాట, "బాంబులు పేలిన చోటికా?" 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. చర్చిల్లో, కొలంబోలోని పెద్ద హోటళ్ళలో జరిగిన పేలుళ్ళలో రెండు వందల అరవై మందికి పైగా పోయారు. మరవడానికి వీల్లేని ఘోరం అది. అయితే 2018లో 23 లక్షల మంది విదేశీయులను చూసిన ఆ ద్వీపం పేలుళ్ళు, కరోనా, 2022లో పెట్రోలుకు బారులు తీరిన దివాలా, అన్నీ దాటుకుని 2024లో మళ్ళీ 20 లక్షలు దాటింది. అందులో అందరికంటే ఎక్కువమంది మనవాళ్ళే. బావకు ఇవేవీ గుర్తులేవు, పేలుడు ఒక్కటే గుర్తుంది. తప్పు బావది కాదు, మనిషి బుర్రది. ట్వర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1970ల్లోనే చెప్పారు: ఏది తొందరగా గుర్తుకొస్తే అదే ఎక్కువగా జరుగుతుందనుకుంటాం. గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ పరిశోధకుడు దీనికి ఒక భయంకరమైన లెక్క కట్టాడు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికన్లు విమానమంటే జడిసి కార్లెక్కారు. ఆ ఏడాదిలో, అంతకుముందు తీరుతో పోలిస్తే, రోడ్ల మీద అదనంగా పోయినవాళ్ళు సుమారు 1,500 మంది అని ఆయన అంచనా.

మరి సెలవులకు వెళ్ళినవాళ్ళు నిజంగా దేనివల్ల పోతున్నారు? వయసు మీరిన వాళ్ళయితే చాలావరకు గుండెజబ్బుతో. అది ఇంట్లో ఉన్నా రావచ్చు, కానీ ఆరు గంటల విమానం, ఎత్తైన కొండ, వేళకు పడని మాత్రలు దాన్ని ముందుకు తోస్తాయి. వయసులో ఉన్నవాళ్ళయితే రోడ్డు మీద, నీళ్ళలో. మనం భయపడి టీకాలు వేయించుకునే అంటురోగాల వాటా ఈ మరణాల్లో నూటికి ఒకటి రెండు మాత్రమే.

రోడ్డు సంగతికి వస్తే థాయిలాండ్‌ని మించిన పాఠం లేదు. 2023 నవంబరులో అక్కడ మనకు వీసా ఎత్తేశారు. హైదరాబాద్ కుర్రాళ్ళ మొదటి విదేశం చాలాసార్లు అదే. నవ్వు మొహాల దేశం, మనలో ఎవరూ వేలెత్తి ప్రమాదమనని దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక ప్రకారం అక్కడ లక్ష జనాభాకు రోడ్డు మరణాలు 32.7. అదే నివేదికలో మనది 22.6. మన రోడ్లను తిట్టుకుంటూ విమానమెక్కి, ఇంతకంటే ప్రాణాంతకమైన రోడ్ల మీద దిగుతున్నామన్నమాట. ఆ చనిపోయినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది రెండు, మూడు చక్రాల బళ్ళ మీద వాళ్ళే. ఫుకెట్ వీధిలో పాస్‌పోర్టు తాకట్టు పెట్టించుకుని స్కూటీ తాళం చేతిలో పెడతారు. హెల్మెట్ అడిగితే నవ్వుతారు. మన దగ్గర కారు లైసెన్సు మాత్రమే ఉండి అక్కడ బండి నడిపితే, పడ్డ రోజున బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్నే లైసెన్సేదని. నా మటుకు నాకు ఈస్టర్ పేలుళ్ళు జరిగిన మరుసటి నెల కొలంబోలో తిరగడం కంటే ఫుకెట్ ఘాట్‌లో వానలో స్కూటీ నడపడమే ఎక్కువ భయం.

నీళ్ళది ఇంకో కథ. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటికి కొట్టుకుపోయారు. అది మన దేశమే. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఆంధ్ర నుంచి వెళ్ళిన ఇద్దరు విద్యార్థులు మునిగిపోయారు. అది ఏ పట్టీలో వెతికినా సురక్షితమైన దేశం. రెండు చోట్లా నీటికి పాస్‌పోర్టు చూసే అలవాటు లేదు. కృష్ణా గోదావరుల పక్కన పుట్టామన్న మాటే గానీ మనలో ఈత వచ్చినవాళ్ళెందరు? ఈత రానివాడు స్నార్కెలింగ్ ప్యాకేజీ కొనడం, బోటులో లైఫ్ జాకెట్‌ను ఉక్కపోతగా ఉందని విప్పి ఒళ్ళో పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ విప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. 2018 జులై 5న ఫుకెట్ దగ్గర తుపాను హెచ్చరిక ఉన్నా సముద్రంలోకి వెళ్ళిన పడవ మునిగి 47 మంది చైనా పర్యాటకులు పోయారు. 2025 జులైలో వియత్నాంలోని హాలాంగ్ బేలో ఉరుములతో వచ్చిన గాలివానకు పడవ బోల్తాపడి ముప్పై మందికి పైగా పోయారు. రెండూ జులై నెలలోనే అన్నది గమనించండి, మళ్ళీ అక్కడికి వస్తాను.

ఇక ఎవరి లెక్కలోనూ లేని శత్రువు పడకగది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో, కేరళ నుంచి వెళ్ళిన రెండు కుటుంబాలు చలికి గది తలుపులు మూసి గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకున్నాయి. తెల్లారేసరికి నలుగురు పిల్లలతో సహా ఎనిమిది మంది లేవలేదు. 2024 డిసెంబరులో జార్జియాలోని గుడౌరి మంచు కొండల్లో ఒక రెస్టారెంటు పైన నిద్రపోయిన 11 మంది భారతీయ ఉద్యోగులను జనరేటరు పొగ అలాగే తీసుకుపోయింది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. హోటల్ సమీక్షల్లో పరుపు మెత్తదనం గురించి, బఫేలో ఇడ్లీ గురించి రాస్తారు. గది వేడెక్కేది కరెంటుతోనా, గ్యాసుతోనా అని ఎవరూ రాయరు. చలిదేశం వెళ్ళేవాళ్ళు ఏజెంటును అడగాల్సిన మొదటి మాట అదే.

ఆకర్షణకూ భద్రతకూ త్రాసు అంటారు గానీ, నాకు ఆ పోలిక పూర్తిగా నచ్చదు. త్రాసులో రెండూ వేరువేరు పళ్ళాల్లో ఉండాలి. చాలాసార్లు ఇక్కడ రెండూ ఒకే పళ్ళెంలో ఉంటాయి. న్యూజిలాండ్‌లోని వకారి ద్వీపానికి జనం వెళ్ళిందే అది పొగలు కక్కే అగ్నిపర్వతమని. 2019 నవంబరులో శాస్త్రవేత్తలు అక్కడ ప్రమాద స్థాయిని పెంచారు. అయినా టూర్లు ఆగలేదు. డిసెంబరు 9న అది పేలినప్పుడు ద్వీపం మీద 47 మంది ఉన్నారు, 22 మంది చనిపోయారు. ప్రపంచ శాంతి సూచీలో 2008 నుంచి ఐస్‌లాండ్‌దే మొదటి స్థానం. అక్కడ పోలీసు తుపాకి కూడా మామూలుగా కనపడదు. కానీ రెయినిస్‌ఫ్యారా నల్లఇసుక తీరంలో ప్రశాంతంగా ఉన్నట్టున్న సముద్రం హఠాత్తుగా ఒక పెద్ద అలను ఒడ్డుమీదికి విసిరి మనుషుల్ని లాక్కుపోతుంది. జనం అక్కడికి వెళ్ళేదే ఆ అలల్ని దగ్గర్నించి చూడడానికి.

అందుకే ఎవరికి ఎంత ఆకర్షణ కావాలన్నది ముందు తేల్చుకోవాలి. స్టాన్లీ ప్లాగ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1974లో ప్రయాణికులను ఒక గీత మీద నిలబెట్టాడు. ఒక కొసన ఇంటి లాంటి చోటే కావాలనేవాళ్ళు, మరో కొసన ఎవరూ వెళ్ళని చోటే కావాలనేవాళ్ళు, మధ్యలో మిగతా లోకం. అమెరికన్ల కోసం గీసిన గీత అది. వంటవాళ్ళను వెంటబెట్టుకుని, స్విట్జర్లాండ్ మంచులో పప్పుచారు వడ్డించే మన గ్రూప్ టూర్లను ఆయన చూసి ఉంటే మొదటి కొసను ఇంకాస్త పొడిగించేవాడేమో. ఎగతాళి కాదు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు ఆయన వెంట వంద మంది దాకా పరివారం ఉంది. కాశీకి పోవడం కాటికి పోవడంతో సమానమని జనం అనుకునే కాలం అది. తోడు ఎక్కువైతే దొంగ దూరం. గుంపుగా, మన తిండితో, మన భాషలో తిరిగే ముసలివాళ్ళకు ఆ టూరే సాహసం. మనం దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

ఇక ఇందాక వస్తానన్న నెలల సంగతి. నాకు తెలిసి మన దగ్గర అన్నిటికంటే తక్కువగా ఆలోచించే విషయం ఇది. మన బడులకు పెద్ద సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. సరిగ్గా మే నెలతోనే అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్, క్రాబీ తీరాలకు నైరుతి రుతుపవనాలు దిగుతాయి. అక్టోబరు దాకా బీచ్‌లలో ఎర్రజెండాలు ఎగురుతూనే ఉంటాయి. మాల్దీవులదీ, శ్రీలంక దక్షిణ, పడమటి తీరాలదీ అదే పరిస్థితి. ప్యాకేజీ సగం ధరకు వచ్చిందని సంబరపడతాం, సగం ఎందుకైందో అడగం. దుబాయ్ అయితే జూన్‌లో నలభై డిగ్రీలు దాటిన ఎండలో చవగ్గా పిలుస్తుంది. ఎండ చంపుతుందా అనేవాళ్ళకు 2024 హజ్ చాలు. 51 డిగ్రీలు దాటిన ఆ రోజుల్లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. మనకు ఆ సెలవుల్లో కుదిరే చోటు బాలి. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. శ్రీలంకకే వెళ్ళాలంటే తూర్పు తీరం, ట్రింకోమలీ వైపు. దసరాకు నేపాల్ ఆకాశం తేటపడుతుంది. కానీ అదే అక్టోబరులో మధ్య వియత్నాం, అంటే మనవాళ్ళు బంగారు వంతెన కోసం పోయే దా నాంగ్, దీపాల వీధుల హోయి ఆన్, వరదల్లో ఉండొచ్చు. సంక్రాంతికి మాత్రం ఆసియాలో సగం చోట్లు తలుపులు తెరిచి ఉంటాయి. సెలవులే కొద్ది రోజులు. జపాన్ చెర్రీ పూలు పూసేది మార్చి చివర్లో, అప్పుడు పిల్లలకు పరీక్షలు. ఈ విషయంలో దేవుడు మనకు కొంచెం అన్యాయం చేశాడు.

ఒకే దేశం ఇద్దరికి ఒకలా ఉండదు. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లకు చీకటి పడ్డాక హోటలుకు చేరే దారే అసలు ప్రశ్న. ఆ లెక్కన మన నగరాల కంటే తోక్యో, సింగపూర్ ఎంతో నయమని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్తారు. చక్కెర జబ్బున్న పెద్దవాళ్ళకు ఆసుపత్రి ఎంత దూరమన్నది ప్రశ్న. కొన్నిసార్లు ప్రమాదం మన సంచిలోనే ఉంటుంది. అమ్మ కోడికూరకని కట్టిచ్చిన గసగసాలు ఎమిరేట్స్‌లో, సౌదీలో నిషిద్ధం. అక్కడ అవి మసాలా కాదు, మత్తుపదార్థం కింద లెక్క. కెన్యా లాంటి చోట్లకు సఫారీకి వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా నిర్బంధంలో ఉంచొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో ఆ టీకా వేస్తారు.

వీసా అక్కర్లేదంటే భయం అక్కర్లేదని కాదు. ఇరాన్ 2024 ఫిబ్రవరిలో మనకు వీసా ఎత్తేసింది. ఉద్యోగాల ఆశ చూపి రప్పించి, డబ్బు కోసం మనుషుల్ని ఎత్తుకుపోయే ముఠాలు పెరగడంతో 2025 నవంబరులో ఆ సదుపాయాన్ని ఆపేసింది. థాయిలాండ్‌కు టూరిస్టులుగా దిగి, సరిహద్దు దాటించబడి మయన్మార్ సైబర్ మోసాల శిబిరాల్లో తేలిన తెలుగు కుర్రాళ్ళ కథలు మన పేపర్లకు కొత్త కాదు. టికెట్ మరొకరు కొనిస్తే అది సెలవు ప్రయాణం కాదు.

మన భాషలో గడప దాటేవాళ్ళు "వెళ్తాం" అనరు, "వెళ్ళొస్తాం" అంటారు. రావడం గురించి ఆలోచించేటప్పుడు చావు కంటే చాలా ఎక్కువగా ఎదురయ్యేది ఇరుక్కుపోవడం. 2025 సెప్టెంబరు 8, 9 తేదీల్లో నేపాల్ యువత తిరుగుబాటు రెండు రోజుల్లో ప్రభుత్వాన్నే కూల్చేసింది. కాఠ్మాండూ విమానాశ్రయం మూతపడింది, పెద్ద హోటళ్ళు తగలబడ్డాయి. పశుపతినాథుని చూడ్డానికి వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడ చిక్కుకుంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి విశాఖకు, తిరుపతికి తీసుకొచ్చింది. వారం ముందు ఏ నిపుణుడిని అడిగినా నేపాల్ గురించి కొండచరియల సంగతి చెప్పేవాడేమో గానీ ఈ మాట చెప్పేవాడు కాదు. ఊహించలేని దానికి ఒకటే మందు: కాగితాలు సరిగ్గా ఉండటం. యూరప్ షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి కొంటాం, థాయిలాండ్‌కు ఎవరూ అడగరు కాబట్టి కొనం. పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, పారాసెయిలింగ్‌లో కాలు విరిగితే ఇస్తారా, ఈ రెండూ చదివి కొంటే చాలు. మా తోడల్లుడు ఒక బీమా పాలసీ ముప్పై పేజీలూ బ్యాంకాక్ ఆసుపత్రి వరండాలో కూర్చుని మొదటిసారి చదివాడు. చీలమండ అప్పటికే విరిగింది. మద్యం తాగి ఉన్నప్పుడు జరిగిన దానికి చెల్లదన్న వాక్యం పద్దెనిమిదో పేజీలో ఉందట.

మద్యమంటే గుర్తొచ్చింది. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీ యాత్రికులు చనిపోయారు. కొత్త ఊళ్ళో ఉచితంగా పోసే గ్లాసు ముట్టకపోతే పోయేదేమీ లేదు.

ఇవన్నీ మా బావకు ఒక సాయంత్రమంతా చెప్పాను. ఆయన చివరికి ఒప్పుకున్నది శ్రీలంకకు కాదు, నా నోరు మూయించడానికి. అయితే నేనూ ఒకచోట తగ్గాల్సి వచ్చింది. నాకు కాండీ నుంచి ఎల్లా దాకా టీతోటల మధ్య సాగే ఆ నీలం రైలు ఎక్కాలని ఏనాటి నుంచో కోరిక. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపాను ఆ ద్వీపంలో ఆరు వందల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. కొండ ప్రాంతాల్లో చరియలు విరిగి, రైలు కట్టలు కొట్టుకుపోయాయి. ఘాట్ రోడ్ల మీద బస్సులు లోయల్లో పడిన వార్తలు అదే ఏడాది మేలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి వచ్చాయి. బాంబుల గురించి బావ భయం పాతది. కొండల గురించి ఆయన భయపడి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. కాబట్టి ఎల్లా లేదు. జనవరి గనక దక్షిణ తీరం, గాల్ కోట, కాండీ దాకా కారు, డ్రైవరు మనవాడు కాకుండా అక్కడివాడు, సూర్యాస్తమయం తర్వాత రోడ్డెక్కడం లేదు. మా అమ్మాయి జపాన్ అంది. పరీక్షలు అయ్యాక చూద్దామన్నాం.

అమ్మ ఇదంతా వింటూ మల్లెపూలు కడుతోంది. బాంబులు, తుపానులు, బీమా ఏదీ ఆమె అడగలేదు.

"ఆడ పెరుగు దొరుకుతదా బిడ్డా?"

దొరుకుతుందని చెప్పాను. గేదె పెరుగు, మట్టికుండల్లో, రోడ్డు పక్కనే వరసగా పెట్టి అమ్ముతారు, మీద కితుల్ చెట్టు పానకం పోసిస్తారు. పానకం ఎందుకు పోస్తారని ఆమె చాలాసేపు అడుగుతూనే ఉంది.